ఇంట్లో చదివే పిల్లలు ఏ లెక్కలో ఉన్నారు?

(గ్రంథాలయంలో జరిగిన తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత మండల విద్యాధికారి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసినది.)

పెద్దలకు, తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు నమస్కారం.

ఈ మధ్య చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. పిల్లవాణ్ణి బడికి పంపకుండా ఇంట్లోనే మేమే చదివించుకుంటే ప్రభుత్వం ఒప్పుకుంటుందా, సార్, రేపు మా మీద కేసు ఏమైనా పెడతారా అని. కరోనా కాలంలో ఈ ప్రశ్న మరీ పెరిగింది. 2020 సెప్టెంబరు 1 నుంచి మన పిల్లలు దూరదర్శన్ యాదగిరిలోనూ, తెలంగాణ ప్రభుత్వ విద్యా చానెల్ టీశాట్‌లోనూ పాఠాలు విన్నారు, గుర్తుందా? ఆ రోజుల్లో కొందరు తల్లిదండ్రులు పిల్లల పక్కన కూర్చుని పాఠాలు చూశారు, చూసి మేమే చెప్పగలం అనుకున్నారు. అలా అనుకున్నవాళ్లలో కొందరు నిజంగానే బాగా చెప్పగలిగారు కూడా.

ఈ ప్రశ్నకు చట్టం ఏమంటుందో ముందు చెబుతాను. 2002లో 86వ రాజ్యాంగ సవరణతో 21ఏ అధికరణం వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించవలసిన బాధ్యత ప్రభుత్వానిదని అది చెప్పింది. దాన్ని అమలు చేయడానికి 2009లో విద్యాహక్కు చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ చట్టం 3వ సెక్షన్ పిల్లలకు ఉన్న హక్కును చెబుతూ, ఆ హక్కు దగ్గరలోని బడిలో చదువుకునే హక్కు అంటుంది. 10వ సెక్షన్ తల్లిదండ్రుల సంగతి చెబుతుంది. పిల్లను దగ్గరలోని బడిలో చేర్పించడం ప్రతి తల్లి, తండ్రి, సంరక్షకుల విధి అంటుంది. ఇంత స్పష్టంగా ఉంది కాబట్టి ఇంటి చదువు చట్టవిరుద్ధమే అనిపిస్తుంది. అనిపిస్తుందా లేదా?

అయితే అదే చట్టాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవండి. 10వ సెక్షన్‌లో చెప్పిన విధిని తప్పిన తల్లిదండ్రులకు శిక్ష ఏమిటో ఎక్కడా లేదు. జరిమానా లేదు, జైలు లేదు. నిర్బంధం అన్న మాటకు 8వ సెక్షన్ ఇచ్చిన అర్థం ప్రకారం ఆ నిర్బంధం ప్రభుత్వం మీద ఉంది. పిల్లలు బడిలో చేరేలా, రోజూ వచ్చేలా, ఎనిమిదో తరగతి దాకా పూర్తి చేసేలా చూడవలసింది ప్రభుత్వమే. కూలికి వెళ్ళే తల్లి మీద జరిమానా వేస్తే ఆ జరిమానా కట్టడానికి పిల్లను మళ్ళీ కూలికే పంపవలసి వస్తుంది కాబట్టి తల్లిదండ్రులకు శిక్ష లేకపోవడమే సరైనదని నేను ఇప్పటికీ అనుకుంటాను. కానీ దాని వల్ల ఇంటి చదువుకు వచ్చిన పరిస్థితి ఏమిటి? అది నేరం కాదు, అలాగని గుర్తింపు పొందిన పద్ధతి కూడా కాదు. ఢిల్లీ హైకోర్టులో ఒక విద్యార్థిని వేసిన వ్యాజ్యంలో 2012లో కేంద్ర మానవ వనరుల శాఖ ఒక అఫిడవిట్ వేసింది. ఇష్టపూర్వకంగా ఇంట్లో చదివించుకునే తల్లిదండ్రులు అలాగే కొనసాగవచ్చని, విద్యాహక్కు చట్టం అందుకు అడ్డు రాదని అందులో చెప్పింది. ఆ తర్వాత ఆ అఫిడవిట్‌ను వెనక్కి తీసుకుంది. ఒకసారి అవునని చెప్పి వెనక్కి తీసుకున్న మాట అవునన్నట్టా, కాదన్నట్టా? ఈ అయోమయంలోనే పిల్లలు పెరిగి పెద్దవాళ్లయిపోతున్నారు.

దీని వల్ల నష్టం ఏముంది, ఎవరూ అడ్డుపెట్టడం లేదు కదా అని కొందరు అంటారు. మా ఇల్లు, మా పిల్లలు, మమ్మల్ని ఇలా వదిలేస్తేనే మంచిది అంటారు. ఈ మాటకే నేను ఈ రోజు జవాబు చెప్పదలచుకున్నాను. ఎందుకంటే వదిలేయడం స్వేచ్ఛ ఇచ్చినట్టు కాదు. ఎవరి లెక్కలోనూ లేని పిల్లకు ఏ హక్కూ అందదు.

నేను మండల విద్యాధికారిగా ఉన్నప్పుడు చూసిన ఒక భవనం గురించి చెబుతాను. ప్రతి ఏడాదీ బడి బయటి పిల్లల జాబితా మా దగ్గరికి వస్తుంది. ఒక బడిలో టీసీ తీసుకుని ఇంకో బడిలో చేరని పిల్లల పేర్లు, బడుల, విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదు అయిన యూడైస్ ప్లస్‌లో డ్రాప్‌బాక్స్ అనే జాబితాలో పడి ఉంటాయి. ఆ పేర్లు పట్టుకుని సీఆర్పీలు, అంటే కొన్ని బడులకు కలిపి ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు, ఇల్లిల్లూ తిరుగుతారు. ఒక రోజు సీఆర్పీతో పాటు నేనూ ఒక అపార్ట్‌మెంటుకు వెళ్ళాను. నాలుగో అంతస్తులో తొమ్మిదేళ్ల అమ్మాయి ఉంది. రెండో తరగతి తర్వాత బడి మాన్పించి తల్లీ తండ్రీ ఇంట్లోనే చెబుతున్నారు. బాల్కనీలో కుండీల్లో బెండ మొక్కలు పెట్టి, వారం వారం టేపుతో ఎత్తు కొలిచి, నోటుబుక్కులో గళ్ల కాగితం అంటించి గ్రాఫు గీసింది. ఒక వారం గీత కిందికి దిగింది. ఎందుకమ్మా అంటే, చివర కోతి తెంపేసిందండీ అని చెప్పి, ఆ చోట చిన్న కోతి బొమ్మ వేసి చూపించింది. మా బడుల్లో ఐదో తరగతి పిల్లల చేత అలాంటి గ్రాఫు గీయించడానికి మేము ఎంత తంటాలు పడతామో ఇక్కడున్న ఉపాధ్యాయులకు తెలుసు.

అదే భవనం సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉంది. వేరే జిల్లా నుంచి వచ్చి ఏడాది కావస్తోంది. పదకొండేళ్ల అబ్బాయి ఉన్నాడు. తెల్లవారుజామున కార్లు తుడుస్తాడు, ఆ తర్వాత చెల్లెల్ని ఎత్తుకుంటాడు, తల్లి పై ఫ్లాట్లలో పనికి వెళుతుంది. చదువు ఏమైంది అంటే, ఇంట్లోనే చదువుకుంటున్నాడు సార్ అన్నాడు వాళ్ల నాన్న. నాలుగో అంతస్తు తండ్రి చెప్పిన మాటే ఇది. మా ఫారంలో ఈ ఇద్దరు పిల్లలూ పక్కపక్క వరుసల్లో ఒకే గడిలో ఉన్నారు, బడి బయటి పిల్లలు అని. వాచ్‌మన్ కొడుకును వయసుకు తగిన తరగతిలో బడిలో చేర్చాం. విద్యాహక్కు చట్టంలో 4వ సెక్షన్ ఉంది కాబట్టి చేర్చగలిగాం. ఆ అమ్మాయి పేరు మాత్రం పెండింగులోనే ఉండిపోయింది. ఏమని రాయాలి? ఇంట్లో చదువు సాగుతోంది అని రాయడానికి గడి లేదు.

ఆ గడి ఎందుకు లేదు? దీనికి జవాబు మన నేల మీదే ఉంది, ఢిల్లీ దాకా వెళ్ళనక్కర లేదు. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వెట్టిలో ఉన్న పిల్లలను విడిపించి బడికి పంపే పని మొదలుపెట్టింది. శాంతా సిన్హా గారి నాయకత్వంలో సాగిన ఆ పని ఒక సూత్రం మీద నిలబడింది. బడిలో లేని ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ బాలకార్మికులే అన్నది ఆ సూత్రం. అప్పటి దాకా ప్రభుత్వం ఏమనేది? ఫ్యాక్టరీలో పని చేసేవాడు బాలకార్మికుడు, ఇంట్లో పశువులు కాసే పిల్ల కాదు అనేది. ఇంట్లో ఉంది, చదవడం లేదు, అంతే అనేది. ఆ ఇంట్లో ఉంది అన్న మాట చాటున లక్షల మంది ఆడపిల్లల బాల్యం అయిపోయింది. అందుకే వాళ్లు అంత గట్టి గీత గీశారు. బడిలో ఉందా, లేదా, మధ్యలో ఇంకేదీ లేదు అన్నారు. శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏర్పడినప్పుడు ఆమె మొదటి అధ్యక్షురాలయ్యారు. అంతకు ముందే 1993లో సుప్రీంకోర్టు 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కే అని తీర్పు చెప్పిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఎవరు? ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వమే. విద్యాహక్కు చట్టం వెనుక ఉన్న కథలో మన వాటా ఇంత ఉంది.

కాబట్టి ఇంటి చదువు కోసం ఆ గీతను చెరిపేద్దాం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ గీత చెరిపేస్తే నాలుగో అంతస్తు అమ్మాయికి దారి దొరుకుతుంది, సరే. సెల్లార్‌లో ఉన్న అబ్బాయి సంగతి ఏమిటి? వాడిని మళ్ళీ ఇంట్లో చదువుతున్నాడు అన్న మాట చాటుకే పంపిస్తామా?

ఇక్కడ ఇంకో చట్టాన్ని కూడా కలిపి చూడాలి. దీన్ని చాలామంది గమనించరు, దయచేసి శ్రద్ధగా వినండి. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. 14 ఏళ్ల లోపు పిల్లల చేత ఏ పనీ చేయించకూడదన్నారు. మంచిదే. కానీ ఒక మినహాయింపు పెట్టారు. ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో, కుటుంబ వ్యాపారంలో పిల్లలు బడి వేళల తర్వాత, సెలవుల్లో సాయం చేయవచ్చన్నారు. బడి వేళల తర్వాత అన్నారు. మరి బడే లేని పిల్లకు బడి వేళలు ఏవి? పొద్దున్న పది గంటలకు అమ్మాయి కొట్లో సామాను కడుతూ కనబడితే, మా అమ్మాయి ఇంట్లో చదువుతుందండీ, ఇవాళ్టి పాఠం అయిపోయింది అని తండ్రి చెబితే అధికారి ఏం చేయగలడు? కాదనడానికి ఆధారం లేదు, అవుననడానికీ ఆధారం లేదు. ఇంటి చదువును చట్టం గుర్తించి నమోదు చేసిన రోజున ఆ అధికారికి ఒక ఆధారం దొరుకుతుంది. గుర్తించకుండా వదిలేసినంత కాలం దొరకదు. ఇంటి చదువు మీద పర్యవేక్షణ ఉండాలని నేను అనడానికి ఇదే మొదటి కారణం.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారు అని అడుగుతారు. మన బంధువులు అమెరికాలో ఉన్నారు కాబట్టి అక్కడి సంగతి మనకు దగ్గరిదే. హడ్సన్ నదికి ఒక ఒడ్డున న్యూయార్క్, రెండో ఒడ్డున న్యూజెర్సీ. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ రాష్ట్రంలో పిల్లను ఇంట్లో చదివించడానికి ముందుగా ఎవరికీ చెప్పనక్కర లేదు. కాగితం పెట్టనక్కర లేదు, పరీక్ష లేదు. నది దాటి న్యూయార్క్ రాష్ట్రంలోకి వెళ్ళండి. ఏటా జూలై 1 లోగా ఇంట్లో చదివిస్తామని తెలియజేయాలి, ఏ సబ్జెక్టు ఎలా చెబుతారో ప్రణాళిక ఇవ్వాలి, మూడు నెలలకొక నివేదిక పంపాలి, ఏడాది చివర మూల్యాంకనం చూపాలి. చిన్న తరగతులకు ఏటా 900 గంటలు, ఏడో తరగతి నుంచి 990 గంటలు చదువు సాగాలి. ఒకే దేశం, మధ్యలో ఒక నది. నన్నడిగితే న్యూజెర్సీలో ఉన్నది చాలదు. న్యూయార్క్‌లో అడిగే కాగితాలు తల్లి సమయాన్ని తినేస్తాయి.

కాగితం ఒక్కటే చాలదని చెప్పడానికి కాలిఫోర్నియా ఉదాహరణ చెబుతాను. అక్కడ ఇంట్లో చదివించేవాళ్లు తమ ఇంటినే ఒక ప్రైవేటు బడిగా ప్రకటించుకుంటూ ఏటా ఒక పత్రం దాఖలు చేయవచ్చు. 2018 జనవరిలో పెరిస్ అనే పట్టణంలో 17 ఏళ్ల అమ్మాయి కిటికీలోంచి బయటపడి పోలీసులకు ఫోన్ చేసింది. వెళ్ళి చూస్తే ఆ ఇంట్లో 13 మంది పిల్లలు, కొందరు గొలుసులతో కట్టేసి, తిండి లేక ఎముకల గూళ్లలా ఉన్నారు. ఆ ఇల్లు ప్రభుత్వ రికార్డుల్లో ప్రైవేటు బడి. తండ్రి ఆ బడి ప్రిన్సిపాల్. పత్రం ఉంది, నమోదు ఉంది, ఆ పిల్లల ముఖం చూసిన మనిషి మాత్రం ఎవరూ లేరు. ఇది విని ఇంట్లో చదివించే తల్లిదండ్రులందరినీ అనుమానించమని నేను చెప్పడం లేదు. అలాంటి దుర్మార్గులు నూటికో కోటికో ఒకరు. నేను చెప్పేది వేరు. పర్యవేక్షణ అంటే ఫైలు పెట్టుకోవడం అనుకుంటే, పిల్లలకు అది ఎందుకూ పనికిరాదు.

ఇంగ్లండులో మరో పాఠం ఉంది. అక్కడ 1996 విద్యాచట్టం 7వ సెక్షన్ ప్రకారం పిల్లల వయసుకు, శక్తికి, అభిరుచికి తగిన చదువు అందేలా చూడటం తల్లిదండ్రుల బాధ్యత. బడికి పంపి చేసినా సరే, మరో విధంగా చేసినా సరే. తగిన చదువు అందడం లేదనిపిస్తే స్థానిక ప్రభుత్వం నోటీసు ఇచ్చి, చివరికి బడిలో చేర్పించమని ఆదేశించవచ్చు. పుస్తకంలో ఇది చక్కటి ఏర్పాటు. కానీ పిల్లను బడి మాన్పించిన సంగతి బడికి ఉత్తరం రాస్తే తెలుస్తుంది. మొదటి నుంచీ బడిలోనే చేర్చని పిల్ల సంగతి స్థానిక ప్రభుత్వానికి తెలిసే దారి లేదు. 2024 శరత్కాలంలో ఒక్క రోజు లెక్క తీస్తే ఇంగ్లండులో ఇంట్లో చదువుకుంటున్న పిల్లలు లక్షా 11 వేలకు పైగా ఉంటారని అక్కడి విద్యాశాఖ అంచనా వేసింది. ఆ ముందటి ఏడాది, 2023 ఆగస్టులో, వోకింగ్ పట్టణంలో పదేళ్ల పాపను కన్నతండ్రి, సవతి తల్లి హింసించి చంపారు. అంతకు ముందు మార్చిలో ఆ పాప ముఖం మీద గాయాలు చూసి బడి ఉపాధ్యాయులు సంబంధిత శాఖకు తెలియజేశారు. ఆ శాఖ కొద్ది రోజుల్లోనే ఫైలు మూసేసింది. ఏప్రిల్‌లో తండ్రి ఇంట్లోనే చదివిస్తామని చెప్పి పాపను బడి మాన్పించాడు. ఆ తర్వాత రోజూ ఆ పాప ముఖం చూసే బయటి మనిషి లేకుండా పోయారు. ఆ కేసులో శిక్షలు పడిన 2024 డిసెంబరులోనే, బడిలో లేని పిల్లలందరికీ రిజిస్టరు ఉండాలని, పిల్లల రక్షణ విచారణ నడుస్తున్న ఇంట్లో పిల్లను బడి మాన్పించాలంటే స్థానిక ప్రభుత్వం అనుమతి తీసుకోవాలని చెప్పే బిల్లును అక్కడి పార్లమెంటులో పెట్టారు.

ఈ ఉదంతంలో తప్పు ఇంటి చదువుదా? కాదు. ఉపాధ్యాయులు గాయాలు చూశారు, చెప్పారు. వినవలసినవాళ్లు వినలేదు. కాబట్టి పర్యవేక్షణ పెడితే చాలు, పిల్లలు భద్రం అని నేను మీకు మాట ఇవ్వను. కానీ ఇక్కడున్న ఉపాధ్యాయులను ఒకటి అడుగుతాను. మీ తరగతిలో ఏ పిల్ల ముఖం వాడిపోయి ఉందో, ఏ పిల్లవాడు అన్నం తినకుండా వచ్చాడో హాజరు పిలుస్తూనే మీరు పట్టుకుంటారా లేదా? ఆ చూపు బడి ఇచ్చే చదువులో భాగం. ఇంటి చదువులో పాఠాన్ని తల్లిదండ్రులు ఇవ్వగలరు, ప్రేమను మాకంటే ఎక్కువే ఇవ్వగలరు. ఆ బయటి చూపును మాత్రం వాళ్లు ఇవ్వలేరు, ఎందుకంటే వాళ్లు లోపలివాళ్లు.

జర్మనీ ఈ చిక్కంతా లేకుండా ఇంటి చదువును దాదాపు పూర్తిగా నిషేధించింది. బడి వ్యవస్థ అంతా రాజ్యం పర్యవేక్షణలో ఉండాలని 1949 నాటి వాళ్ల రాజ్యాంగమైన మౌలిక చట్టం 7వ అధికరణం చెబుతుంది. హెస్సె రాష్ట్రంలో ఒక కుటుంబం వినకపోతే 2013లో నలుగురు పిల్లలను మూడు వారాల పాటు తల్లిదండ్రుల నుంచి వేరు చేశారు. 2019లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం అది హక్కుల ఉల్లంఘన కాదని తీర్పు ఇచ్చింది. చట్టప్రకారం సరే అనిపించుకున్నారేమో కానీ, చదువు కోసం పిల్లలను తల్లి ఒడి నుంచి తీసుకుపోవడం నా మనసుకు సమ్మతం కాదు. మన దేశానికి ఆ దారి వద్దు.

మరి మనకు ఏ దారి? నేను ఎక్కువ సేపు మాట్లాడదలచుకున్నది దీని గురించే. ఎందుకంటే కొత్తగా కనిపెట్టవలసింది పెద్దగా లేదు. మన చట్టంలోనే ఇంటి చదువుకు ఒక చోటు ఇప్పటికే ఉంది. 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించినప్పుడు, తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు ఇంటి వద్ద చదువును ఎంచుకునే హక్కు ఇచ్చారు. 2020 జాతీయ విద్యావిధానం ఇంకో అడుగు వేసింది. ఇంటి వద్ద చదివే ఆ పిల్లలను మిగతా పిల్లలతో సమానంగా చూడాలంది. ఆ చదువు ఎంత బాగా సాగుతోందో ఆడిట్ చేయాలని కూడా అంది. చూశారా, గుర్తింపూ పర్యవేక్షణా రెండూ అక్కడ జంటగా వచ్చాయి.

మన రెండు రాష్ట్రాల్లో మండలాల్లో వైకల్యం ఉన్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడి రిసోర్స్ టీచర్లు కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకు వెళతారు. నేను వాళ్లతో కలిసి వెళ్ళిన ఒక ఇంట్లో మంచం మీద ఉండే ఎనిమిదేళ్ల బాబుకు ఆ టీచరమ్మ ఏం చేసేదో చెబుతాను. వెళ్ళగానే పుస్తకం తీసేది కాదు. ముందు వాళ్ల అమ్మను అడిగేది, ఈ వారం ఎలా నిద్రపోయాడమ్మా, ఏం తిన్నాడు అని. ఆ తర్వాత బాబు చేతిలో మూత పెట్టి, సీసాకు బిగించమనేది. పోయినసారి రెండు చుట్లు తిప్పాడు, ఈసారి మూడు తిప్పాడు అని తన డైరీలో రాసుకునేది. తల్లికి వచ్చేవారం దాకా చేయించవలసిన పని ఒకటి చెప్పేది. వెళ్ళేటప్పుడు ఆ తల్లి గడప దాకా వచ్చి, మళ్ళీ ఎప్పుడొస్తారమ్మా అని అడిగేది. ఇది ప్రభుత్వ పర్యవేక్షణే. కాదంటారా? ప్రభుత్వం జీతం ఇచ్చి పంపిన మనిషి ఇంటికి వచ్చి, పిల్లవాణ్ణి చూసి, రాసుకుని వెళ్ళింది. అయినా ఆ తల్లికి అది తనిఖీలా అనిపించలేదు, సాయంలా అనిపించింది.

నేను కోరేది ఆ ఏర్పాటును మిగతా ఇంటి చదువులకు కూడా విస్తరించమని. మొట్టమొదట నమోదు. ఇంట్లో చదివిస్తున్నాం అని తల్లిదండ్రులు మండల విద్యాశాఖకు ఏడాదికోసారి తెలియజేస్తే చాలు. అనుమతి కోసం ఎదురుచూడనక్కర లేదు, యూడైస్‌లో ఆ పిల్లకు ఒక గడి ఉంటే చాలు. విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలందరి రికార్డు ఉంచడం స్థానిక సంస్థల విధి, కాబట్టి ఇది కొత్త భారం కూడా కాదు. తర్వాత, ఏడాదిలో రెండుసార్లు శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయురాలు ఆ పిల్లను కలవాలి. ముందే చెప్పి, తల్లిదండ్రులకు వీలైన రోజున రావాలి. ఇంట్లో వద్దనుకుంటే గ్రంథాలయంలోనో, దగ్గరి బడిలోనో కలవవచ్చు. కానీ కలవడం మాత్రం తప్పనిసరి. పిల్లతో కొంతసేపు విడిగా మాట్లాడాలి, ఆ పిల్ల చేసిన పనులు చూడాలి. చదవగలుగుతోందా, రాయగలుగుతోందా, లెక్క చేయగలుగుతోందా, తోటి పిల్లలతో కలిసే వీలుందా, భయం లేకుండా ఉందా అన్నది చూడాలి. భయం అన్న మాట నేను సొంతంగా కలిపింది కాదు. చదువు పిల్లలను భయం, ఆందోళనల నుంచి విముక్తం చేయాలని 29వ సెక్షనే చెబుతోంది.

చూడకూడనివి కూడా చెప్పాలి, లేకపోతే తల్లిదండ్రులకు నమ్మకం కుదరదు. మా పాఠ్యపుస్తకంలో మూడో పాఠం చెప్పారా లేదా అని అడగకూడదు. రోజుకు ఇన్ని గంటలు అని లెక్కపెట్టకూడదు. బడికి చట్టం ఒకటి నుంచి ఐదు దాకా ఏటా 800 గంటలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 1000 గంటలు పెట్టింది. నలభై మంది ఉన్న తరగతికి అది అవసరం. ఒక్క పిల్లతో ఒక్క తల్లి కూర్చునే చోట గంటలకు ఆ అర్థం ఉండదు. ఏటా పరీక్ష పెట్టి మార్కులు తేవాలని కూడా అనకూడదు. బడి పిల్లలు ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా ఏ బోర్డు పరీక్షా పాసు కానక్కర లేదని 30వ సెక్షన్ చెబుతుంటే, ఇంటి పిల్లలకు మాత్రం పరీక్ష పెట్టడం ఏం న్యాయం? 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో వార్షిక పరీక్ష పెట్టే వీలు రాష్ట్రాలకు వచ్చింది. దాన్ని ఇంటి పిల్లలకు వర్తింపజేయదలిస్తే తప్పినవారికి ఆ చట్టం బడి పిల్లలకు ఇచ్చిన అదనపు బోధన, మళ్ళీ రాసే అవకాశం కూడా అలాగే ఇవ్వాలి.

తల్లిదండ్రుల నుంచి ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. ప్రభుత్వ బడుల్లోనే పిల్లలకు చదవడం రావడం లేదు, ఒకే టీచరు ఐదు తరగతులకు చెబుతున్నాడు, ముందు మీ ఇల్లు చక్కబెట్టుకోండి, ఆ తర్వాత మా ఇంటికి రండి అంటారు. అందులో నిజం ఉంది, ఒప్పుకుంటాను. కానీ బడిలో టీచరు లేకపోతే ఊరివాళ్లు వచ్చి అడుగుతారు, బడి యాజమాన్య కమిటీ ఉంటుంది, పత్రికలో వస్తుంది. ఆ వైఫల్యం పదిమందికీ కనబడుతుంది. ఇంట్లో చదువు ఆగిపోతే ఎవరికి కనబడుతుంది? తల్లికి జబ్బు చేసిందనుకోండి, తండ్రి ఉద్యోగం పోయిందనుకోండి, మంచి మనసుతో మొదలైన ఇంటి చదువే ఆరు నెలల పాటు ఆగిపోవచ్చు. అప్పుడు వచ్చి, పర్వాలేదండీ, ఈ ఏడాదికి దగ్గరి బడిలో చేర్చండి, వయసుకు తగిన తరగతిలో తీసుకుంటారు, ప్రత్యేక శిక్షణ ఇస్తారు, వచ్చే ఏడాది మళ్ళీ ఇంట్లో చెప్పుకోండి అని చెప్పే మనిషి ఉండాలా వద్దా?

అధికారుల వైపు నుంచి వచ్చే ఆపద కూడా నాకు తెలుసు, నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కదా. నమోదు అనగానే ఫీజు పెడతారు, ఫీజు అనగానే దళారి వస్తాడు, సందర్శన అనగానే కవరు అడిగేవాడు వస్తాడు. అందుకే ఈ పని గుర్తింపు ఇచ్చే, రద్దు చేసే అధికారి చేతిలో పెట్టకూడదు. రిసోర్స్ టీచర్ల వంటివాళ్ల చేతిలో పెట్టాలి, వాళ్ల సంఖ్య పెంచాలి, వాళ్లకు సరైన జీతం ఇవ్వాలి. ఆ టీచరు రాసినదాని నకలు తల్లిదండ్రులకు అదే రోజు ఇవ్వాలి. అందులో తప్పుందనిపిస్తే చెప్పుకోవడానికి చోటుండాలి. 32వ సెక్షన్ ప్రకారం పిల్లల హక్కుకు సంబంధించిన ఫిర్యాదును స్థానిక సంస్థ వీలైనంత వరకు మూడు నెలల్లో తేల్చాలి, అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. ఈ దారినే ఇంటి చదువు కుటుంబాలకూ తెరవాలి.

దీనికి బదులుగా ప్రభుత్వం ఏమివ్వాలి? ఇది నేను గట్టిగా అడుగుతున్నాను. నమోదైన పిల్లకు గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇవ్వాలి. దగ్గరి బడిలో ప్రయోగశాల, ఆటస్థలం, గ్రంథాలయం వాడుకోనివ్వాలి. పదో తరగతికి జాతీయ సార్వత్రిక విద్యాపీఠం ఉంది, మన రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూళ్లు ఉన్నాయి, 14 ఏళ్లు నిండితే ఓపెన్ టెన్త్ రాయవచ్చు. కాబట్టి పైకి వెళ్ళే మెట్టు ఉంది. అయినా మెట్టు దొరకనివాళ్లూ ఉన్నారు. ముంబైలో ఇంట్లో చదువుకున్న ఒక అమ్మాయి అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో పతకాలు తెచ్చింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేదని మన ఐఐటీలో సీటు రాలేదు, 2016లో అమెరికాలో ఎంఐటీ పిలిచి సీటు ఇచ్చింది. మన లెక్కలో గడి లేకపోవడం వల్ల మనం పోగొట్టుకున్న పిల్ల ఆమె.

ఇక ఇక్కడున్న తల్లిదండ్రుల్లో ఇప్పటికే ఇంట్లో చదివిస్తున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారని తెలిసింది. చట్టం మారే దాకా మీరు చేయగలిగిన పని ఒకటుంది. పిల్ల చేసిన పనులను తేదీలు వేసి దాచండి. రాసిన కాగితం, గీసిన బొమ్మ, చదివిన పుస్తకాల పేర్లు, వెళ్ళిన చోట్లు, అన్నీ. నెలకొకసారి బయటి మనిషి ఒకరికి, బంధువు కాని మనిషికి, ఒక ఉపాధ్యాయుడికో, డాక్టరుకో, గ్రంథాలయాధికారికో ఆ పిల్లను చూపించి, వాళ్ల చేత రెండు మాటలు రాయించుకోండి. సీఆర్పీ మీ తలుపు తట్టినప్పుడు తలుపు వేసేయకండి. కూర్చోబెట్టి ఆ పుస్తకం చూపించండి, ఫారం కింద ఖాళీ జాగాలో ఇంట్లో చదువు సాగుతోంది అని రాయించి, ఒక నకలు అడిగి తీసుకోండి. మండలంలో అలాంటి ఫారాలు కొన్ని పోగైతే, వాటిని జిల్లా విద్యాధికారికి, బాలల హక్కుల కమిషన్‌కు, మీ శాసనసభ్యుడికి తీసుకెళ్ళి ఈ గడి పెట్టమని అడగవచ్చు. ఆ అర్జీ రాయడానికి నేను సాయం చేస్తాను, నా పెన్షను రోజులు అందుకే ఉన్నాయి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. ఇంట్లో పిల్లలను చదివిస్తున్న తల్లులు ముందు అడగాలని నా కోరిక.